గంట కొట్టంది తాడు కదలదు

"తలుపు తియ్యి బిడ్డా. బా వచ్చిండు సూడు."

లోపటి నుంచి ఒక్కటే దెబ్బ. టక్.

తండ్రి బలరాం చెయ్యి తలుపు మీదనే ఆగింది. మళ్లా పిలిచిండు. మళ్లా ఒక్కటే దెబ్బ, స్టీలు గిలాసను బండకేసి కొట్టినట్టు.

"గిన్నెనో ఏందో పడ్డట్టున్నది," అన్నడు, ఎవలూ అడగకపోయినా.

సరళకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్న పొద్దుగూకంగ టేకులపల్లి నుంచి వచ్చుడు వచ్చుడే బిడ్డ సువర్ణ ఆ అర్రల జొర్రి గడియ పెట్టుకున్నది. గడప కాడ పెట్టిన రొట్టె ఎండి అప్పడమైంది. తల్లి తను తలుపుకు ఆనుకొని కూసుంటే, తండ్రి మాత్రం సెల్‌ఫోన్ చెవి కాడ పెట్టుకొని వాకిట్ల తిరుగుడే తిరుగుడు.

"గిన్నె పడ్డదా?" అన్నది సరళ. "ఇరవై ఏండ్ల సంది బొగ్గుబాయిల హాలేజి ఇంజను నడుపుతున్నవ్. గిన్నె సప్పుడుకు, గంట సప్పుడుకు నీకు ఫరక్ తెల్వదా?"

"పొద్దుగాల్నే మొదలు పెట్టకు."

"మొదలు పెట్టింది నేనా? నిన్న మైకు పట్టుకున్నది నేనా?"

బలరాం మొకం పక్కకు తిప్పుకున్నడు. ఈ మనిషికి ఇదొక అలవాటు. మీటింగుల గంట సేపు గుక్క తిప్పుకోకుంట మాట్లాడుతడు, ఇంట్ల ఒక్క మాట అడిగితే గోడకున్న క్యాలెండరు చూస్తడు.

బొగ్గు టబ్బులను తాడుతోని పైకి గుంజే హాలేజి డ్రైవరుకు కింద ఏం జరుగుతున్నదో కనపడదు. టబ్బులు నిండినయా, గొలుసు తగిలిచ్చిన్రా, పట్టాల మీద మనిషున్నడా, ఏదీ కనపడదు. కింది మనిషి గంట కొడితేనే తాడు కదిలిచ్చాలె. ఒక్క గంట కొట్టిండంటే ఎంత జోరు మీదున్నా ఆపాలె. ఆపలేదంటే కింద పాణాలు పోతయి. బలరాం ఇరవై ఏండ్లల్ల ఒక్కసారి తప్పలే. బాయిల ఆయనకు ఆ పేరున్నది.

సువర్ణకు మూడేండ్లు దాటినా మాట రాలేదు. డ్యూటీ దిగి వచ్చిన తండ్రి పిల్లను ఊయల్ల కూసోబెట్టి గిలాస మీద గంట ఆట ఆడెటోడు. ఒకటి కొడితే ఊయల ఆగాలె, రెండు కొడితే ఊగాలె. నెల తిరగక ముందే పిల్ల పట్టుకున్నది. తల్లి పక్కన కూసొని చూసుకుంట మురిసింది, లోలోపట జర కుళ్లుకున్నది గూడ.

ఇప్పుడు సువర్ణకు పందొమ్మిదేండ్లు. మనసు నిమ్మళంగ ఉన్ననాడు 'యాడీ' అని తల్లిని, 'బా' అని తండ్రిని పిలుస్తది, రెండు మూడు మాటలు అంటది. లొల్లి ఎక్కువైతే మాట గొంతుల్నే ఆగుతది. అప్పుడు గంటే. పళ్లెం మీద ఒక్కటి కొడితే అన్నం చాలు. గోడ మీద ఒక్కటి కొడితే టీవీ బందు చెయ్యాలె.

మరి నిన్న మైకు మీద గూడ ఒక్కటే కొట్టింది కదా!

నిన్న టేకులపల్లి ఫంక్షన్ హాలు నిండ జనం. ఆటిజం పిల్లల తల్లిదండ్రుల సంఘం సభ. సంఘానికి అధ్యక్షుడు బలరాం. ఖమ్మం జిల్లాల ఆ మాటనే ఎవలికీ తెల్వని కాలంల, దవాఖానకు తీస్కపోతే పిచ్చి గోలీలు రాసిచ్చే కాలంల, ఈ మనిషి సైకిలేసుకొని తండా తండా తిరిగిండు. దాసిపెట్టిన పిల్లలను బయటికి తీసిండు. 'దయ్యం కాదు, శాపం కాదు, తల్లి తప్పు కాదు' అని చెప్పిండు. అది ఎవలూ కాదనేది లేదు.

ఆ జోరుల్నే బిడ్డను స్టేజి ఎక్కిచ్చి చేతికి మైకు ఇచ్చిండు. సువర్ణ దాని మీద గోరుతోని ఒక్కటి కొట్టింది. మైకు టెస్టు చేస్తందనుకొని జనం నవ్విన్రు. బలరాం మైకు అందుకొని, "నా బిడ్డకు నోరు లేదు. దాని నోరు నేనే," అన్నడు. చప్పట్లు. సువర్ణ బల్ల మీద మళ్లా ఒక్కటి కొట్టింది. ఆయన ఆపలే. ఇసొంటి పిల్లలు ఉండెటందుకు భద్రాచలంల సంఘం అడుగుతున్న హోం వస్తే, అండ్ల మొట్టమొదలు చేరేది నా బిడ్డనే అని గూడ చెప్పిండు. సువర్ణ చేతిని కొరుక్కొని, చెవులు మూసుకొని స్టేజి దిగి ఉరికింది.

ఆ హోం ముచ్చట సరళ గూడ ఆడనే విన్నది, మూడో వరుసల కూసొని, ఊరోళ్లందరితోపాటు.

"నా కడుపుల పుట్టిన పిల్లను ఏడికో పంపుతానని మైకుల చెప్తవు," అన్నది సరళ. "ఇంట్ల చెప్పెటందుకు నోరు రాలేదా?"

"చెప్తే నువ్వు ఒప్పుకుంటవా?"

"ఒప్పుకోను."

"అందుకే చెప్పలే."

సరళకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలువలే. చేతిలున్న చీపురు నేలకేసి కొట్టింది.

వాకిట్ల చింతపండుల గింజలు తీసుకుంట కూసున్న అత్త పూలి అందుకున్నది. "హోం లేదు, దానికి తలుపు లేదు, తాళం లేదు. ఆలు లేదు సూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, ఎవలు చేరాల్నో గిప్పుడే కొట్టుకసావున్రి."

"యాడీ, నువ్వు జర ఊకో," అన్నడు బలరాం. "ఇయ్యాల మధ్యాహ్నం భద్రాచలంల ఆఫీసరు టైం ఇచ్చిండు. గోదావరి ఒడ్డున పాత హాస్టలు ఖాళీగున్నది. మనోళ్లు పోయి గట్టిగ అడిగితే ఇస్తడు. పది గంటలకు జీపు వస్తది. సువర్ణ రావాలె."

లోపటి నుంచి టక్.

ఈసారి గిన్నె పడ్డదని ఎవలూ అనలే.

అంతల గేటు కాడ ఒక ఆడపిల్ల వచ్చి నిలవడ్డది. చేతిల బట్ట సంచి. "రావచ్చా?" అని అడిగింది. ఎవలూ పలుకకపోతే మళ్లా అడిగింది. పూలి "రా బిడ్డా" అనేదాక గేటు దాటలే.

బలరాం మొకం మాడిపోయింది. ఆ పిల్ల మధులత. నిన్న సభల అందరి నడుమ లేచి, "ఆమెను అడిగిన్రా?" అని అరిచింది ఈమెనే. కొత్తగూడెంల కంప్యూటర్ సెంటర్ల పని చేస్తది. ఇరవయ్యారేండ్లు. తనకు గూడ ఆటిజమే ఉన్నదని నాలుగేండ్ల కింద హైదరాబాదు డాక్టర్ చెప్పిండట. నిన్న ఆ మాట అంటే సంఘం కార్యదర్శి ప్రేమ్‌సాగర్ నవ్వి, "నువ్వు మంచిగనే ఉన్నవ్ కదమ్మా, కూసో" అని కూసోబెట్టిండు.

పూలి చాయ్ పోసి ఇచ్చింది. మధులత ఒక గుక్క తాగి గిలాస కింద పెట్టింది. "చక్కెర ఎక్కువైంది. నేను తాగను."

పూలి కడుపుబ్బ నవ్వింది. "నా కోడలు ఇన్నేండ్ల సంది తాగుతంది. ఒక్కనాడు చెప్పలే!"

సరళకు నవ్వు రాలే. నిజంగనే చక్కెర ఎక్కువ. ఏండ్ల సంది మింగుతనే ఉన్నది.

"ఏం పని మీద వచ్చినవమ్మా?" అన్నడు బలరాం.

"సువర్ణతోని మాట్లాడనీకి." మధులత ఆయన మొకం చూడలే, ఆయన అంగీ గుండీని చూసుకుంట మాట్లాడింది.

"అది మాట్లాడదు."

"నిన్న మాట్లాడింది. ఆపు అన్నది. మా నాయన ముత్యాలు. మీ హాలేజి కింద టబ్బులకు గొలుసు తగిలిచ్చెటోడు. మీకు గంట కొట్టెటోడు. నాకు గంటలన్నీ తెల్సు. హాల్ల నవ్వినోళ్లకు తెల్వదు. మీకు తెల్సు."

బలరాం మెడ నరాలు తేలినయి. "చూడమ్మా. నువ్వు ఒక్కదానివి బస్సెక్కి ఈడికి వచ్చినవ్. నీ జీతం నీకున్నది. నా బిడ్డ స్నానానికి నీళ్లు కాగినయో సల్లగున్నయో ఇంకొకరు చెయ్యి పెట్టి చూడాలె. రోడ్డు మీద లారీ వస్తే రెక్క పట్టి గుంజాలె. నీదీ దానిదీ ఒక్కటే బీమారి అంటే నేను నమ్మాల్నా?"

"బీమారి కాదు."

"ఏదైతే అది! నీకు నోరున్నది, మాట్లాడుతున్నవ్. సంతోషం. నోరు లేని పిల్లల గురించి మాట్లాడనీకి నీకేం హక్కున్నది? ప్రేమ్‌సాగర్ కొడుకు తలకాయ గోడకేసి కొట్టుకుంటడు. వాన్ని అడుగు పో. వాడేమంటడో వచ్చి నాకు చెప్పు."

మధులత వేళ్లు సంచి తాడును చుట్టుకున్నయి. గొంతు మాత్రం మారలే. "నేను గూడ ఎనిమిదేండ్లదాక మాట్లాడలే. నన్ను గూడ ఒక హోంల ఏసిన్రు. పేరు చెప్పను. రెండేండ్లు ఉన్న. పడుకునేటప్పుడు మంచానికి కాళ్లు కట్టేసెటోళ్లు, ఉరికిపోతనని. ఆ హోం పెట్టినోళ్లు గూడ మా మంచి కోసమే అన్నరు. మా అమ్మ నెలకొకసారి వచ్చి కొత్త గౌను తొడిగి, ఫోటో దిగి పోయెటిది. ఫోటోల నేను నవ్విన్నట. అందుకే అంతా మంచిగున్నదనుకున్నరు."

పూలి చేతిల చింతపండు అట్లనే ఉండిపోయింది. సరళకు తన బిడ్డ కాళ్లకు తాడు కట్టినట్టు కండ్ల ముంగట కనపడ్డది.

"మా హోంల గట్ల జరగనియ్యం," అన్నడు బలరాం. గొంతు జర దిగింది. "మేమే నడుపుకుంటం. తల్లిదండ్రులమే."

"సువర్ణకు హోం వద్దు," అన్నది మధులత. "ఆమె లోపట ఏమున్నదో మీకెవరికీ తెల్వదు. నాకు తెల్సు. నేను ఆమె లెక్కనే."

ఇగో, సరళకు ఇక్కడ కోపమొచ్చింది. అప్పటిదాక ఆ పిల్ల మీద పాణం కరిగి ఉన్నది, ఈ మాటతోని మళ్లా గట్టివడ్డది.

"నీకెట్ల తెల్సు?" అన్నది. "నిన్ననే చూసినవ్ కదా దాన్ని. ఒక్కటి కొట్టింది, ఆపమన్నది, నిజమే. ఏం ఆపమన్నది? మైకు ఆపమన్నదా? జనం నవ్వు ఆపమన్నదా? తండ్రి మాట ఆపమన్నదా? హోం ఆపమన్నదా? హాల్ల లైట్లు గూడ కండ్లల్ల పొడుస్తుండె. నువ్వు వచ్చి 'నాకు తెల్సు' అంటవు, ఆయన 'దాని నోరు నేనే' అంటడు. మీ ఇద్దరికీ ఏం ఫరక్ ఉన్నది?"

మధులత సంచి తాడు ఇడిసింది. "మీరన్నది కరెక్టే," అన్నది. "నాకు తెల్వదు. నాకు జరిగింది యాదికొచ్చి గట్లన్న."

అంత జల్దీ ఒప్పుకునే మనిషిని సరళ ఆ ఇంట్ల ఎన్నడూ చూడలే. లొల్లి పెట్టుకునేటందుకు తయారైన నోరు ఖాళీగ ఉండిపోయింది.

"అదే కదా నేను పొద్దటి సంది..." అని బలరాం హుషారుగ అందుకున్నడు.

"నువ్వు మాట్లాడకు!" సరళ ఆయన దిక్కు తిరిగింది. "నిన్ను ఒక్కటే అడుగుత. నిన్న హాల్ల బిడ్డ కొట్టిన గంట నీకు వినపడ్డదా, లేదా?"

"అంత లొల్లిల..."

"కింద మిషన్లు నడుస్తుంటే, పంపులు మొత్తుకుంటుంటే, నీకు గంట వినపడతది. ఇంట్ల నిద్రల గూడ గంట కలవరిస్తవు. వినపడ్డదా, లేదా?"

బలరాం గోడ మీది క్యాలెండరు చూసిండు. తర్వాత అది గూడ చూడలే. చిన్నగ గద్దె మీద కూలబడ్డడు.

"వినపడ్డది," అన్నడు.

"మొదటి సారి?"

"మొదటి సారే."

"మరి?"

"ఆపితే అంతా ఖరాబైపోతుండె సరళా." ఆయన అరచేతులు చూసుకున్నడు. "ఎన్నేండ్ల కష్టమది! ఎన్ని గడపలు ఎక్కిన, ఎంతమంది కాళ్లు పట్టుకున్న. జనం వచ్చిన్రు, పేపరోళ్లు వచ్చిన్రు. నిండు టబ్బులు ఎత్తు మీదికి గుంజుకొచ్చి సగంల ఆపితే తాడు తెగి మొత్తం ఎనకకు జారుతదన్న బుగులు పట్టింది నాకు. బాయిల ఒక్కనాడు గంట తప్పలే. నా బిడ్డ గంట తప్పిన. నాకు తెల్వదనుకుంటున్నవా?"

పూలి చింతపండు పక్కకు జరిపింది.

"నాకేమన్న సంబురమా, దాన్ని పంపెటందుకు?" అన్నడు మళ్లా. "నా పక్క ఇంజను మీద చేసే భీమయ్య పోయిన్నెల డ్యూటీకి వచ్చిండు, సాయంత్రం శవమై పోయిండు. గుండె ఆగింది. నాకు గట్లనే అయితే? నీకు షుగరున్నది. మనం పోయినంక దాని నీళ్లు కాగినయో లేదో ఎవలు చూస్తరు? చెప్పు. నీకు జవాబుంటే చెప్పు, జీపును ఎనకకు పంపుత."

సరళకు కోపమంతా అదే. ఈ మనిషి తప్పు చేసిండు, కని ఈ మనిషి అడిగేది తప్పు కాదు. ఆ పిల్ల మధులత చెప్పింది నిజం, కని ఆ పిల్ల రాత్రిపూట వచ్చి సువర్ణ పక్కన పడుకోదు. అందరి మాటా సగం సగం నిజమే. ఏ సగం పట్టుకోవాల్నో తెల్వక సరళకు తల పలిగిపోతున్నది.

"నాకు జవాబు తెల్వదు," అన్నది. "కని దాన్ని అడగాలె. మైకు పెట్టి కాదు. ఇంట్ల, నిమ్మళంగ, మనిషిని అడిగినట్టు అడగాలె. నువ్వు అడగలే."

బయట జీపు హారన్ మోగింది. ఒక్కసారి కాదు, బారాత్‌కు వచ్చినట్టు మోగిచ్చిండు జీపు డ్రైవరు రాందాస్. మధులత చప్పున చెవులు మూసుకున్నది. లోపట అర్రల గూడ ఏదో కింద పడ్డది.

"హారన్ బందు చెయ్యిరా!" అని సరళ గేటు కాడికి ఉరికింది.

ఎనక సీట్ల నుంచి ప్రేమ్‌సాగర్ దిగిండు. తెల్ల బట్టలు ఇస్త్రీ చేసుకున్నడు, కండ్లు మాత్రం నిద్ర లేక ఎర్రగున్నయి. మధులతను చూసి ఆగిండు, మళ్లా చూడనట్టు సరళ దిక్కు తిరిగిండు.

"చెల్లే, టైం అయితంది. ములకలపల్లి సంఘపోళ్లు బస్సుకు పోయిన్రు. సువర్ణను జల్దీ తయారు చెయ్యి."

"సువర్ణ రాదన్నా."

"గట్లనకు చెల్లే. నా కొడుకును తీస్కపోలేను, ఆఫీసులు చూస్తే వాడు ఆగడు. కాయితాలు చూసి ఎవలూ కరగరు. పిల్ల ఎదురుంగ కనపడాలె. మాట్లాడద్దు, ఏం చెయ్యద్దు, ఉత్తగ కూసుంటే చాలు."

"ఉత్తగ కూసోబెట్టి చూపెట్టనీకి అదేమన్న అంగట్ల బొమ్మనా?"

"నా ఇంటిది పండి ఎన్ని దినాలైందో నీకు తెల్వదా?" ప్రేమ్‌సాగర్ గేటు ఊచలు పట్టుకున్నడు. "నిన్న వాడు దాని చెయ్యి కొరికిండు, కుట్లు పడ్డయి. మీ పిల్ల నిమ్మళంగుంటది. మీకు హోం లేకున్నా నడుస్తది. మాకు నడవదు."

ఆ మాటకు సరళ ఒక్క నిమిషం తల దించుకున్నది. ఆయన ఇంటిది సారక్క మొకం యాదికొచ్చింది. పాపం, ఎన్నడూ ఎవలనూ ఏమీ అడగని మనిషి. అయినా గేటు మీద చెయ్యి తియ్యలే.

"నువ్వు పోయి అడుగన్నా. ఇయ్యకపోతే ధర్నా చేద్దాం, నేను గూడ వచ్చి కూసుంట. నా బిడ్డ మాత్రం రాదు. దానికి ఆ హోం వద్దు, ఆ మీటింగు వద్దు. తల్లిని నేను చెప్తున్న. ఇగ ఖతం."

"ఆమెను అడిగిన్రా?" అన్నది మధులత ఎనక నుంచి.

సరళకు చెంప మీద కొట్టినట్టయింది. గిర్రున తిరిగింది. "నేను అడగాల్నా? అడగంది అమ్మయినా పెట్టదంటరు. పందొమ్మిదేండ్ల సంది నేను అది అడగకముందే పెట్టిన! దాని ఆకలి నాకు తెల్సు, నిద్ర తెల్సు, ఏ బట్ట ఒంటికి గరుకైతదో తెల్సు. నిన్న మొన్న వచ్చిన దానివి, నాకు నేర్పుతవా?"

మధులత కండ్లు సరళ భుజం మీది నుంచి ఇంటి దిక్కు చూస్తున్నయి.

గడియ తీసిన సప్పుడు అప్పటికే అయింది. ఎవలూ వినలే.

సువర్ణ వాకిట్లకు వచ్చింది. నిన్నటి బట్టలు ఇడిచి, నీలం పంజాబీ డ్రెస్ ఏసుకున్నది. వెంట్రుకలు ఇరబోసుకొనే ఉన్నయి. కొరుక్కున్న చెయ్యి వాచింది. తండ్రిని దాటింది, నాయనమ్మను దాటింది, మధులతను దాటింది. తల్లి అడ్డమున్న గేటు కాడ జరసేపు ఆగింది. సరళ జరిగితే సందు దొరకబట్టుకొని బయటికి పోయి, జీపు ముంగటి సీట్ల ఎక్కి కూసున్నది.

రాందాస్ ముందుకు చూసిండు, ఎనకకు చూసిండు. "ఎవలెవలు వస్తున్రు?" అన్నడు.

"సువర్ణ," అన్నది సువర్ణ.

"విన్నరా!" ప్రేమ్‌సాగర్ మొకం వెలిగింది. "పిల్లనే వస్తనంటంది."

"తన మాట తనే చెప్పుకుంటనంటంది," అన్నది మధులత.

బలరాం గద్దె మీది నుంచి లేచి వచ్చి, "నేను చెప్పలే? దానికి తెల్సు," అన్నడు.

సరళకు ముగ్గురినీ పట్టుకొని గోదావరిల ముంచాలన్నంత కోపమొచ్చింది. ఒక్క మాట అన్నది పిల్ల, తన పేరు. దానికి ముగ్గురు మూడు అర్థాలు! జీపు కాడికి పోయి బిడ్డ రెక్క పట్టుకున్నది. "దిగు బిడ్డా. నువ్వు పోవద్దు. ఇంటికి పోదాం, రొట్టె చేసిస్త."

సువర్ణ తల్లి చెయ్యి తీసింది. కోపంగ కాదు. అన్నం చాలినంక పళ్లెం జరిపినట్టు, మెల్లగ తీసి పక్కకు పెట్టింది.

గట్ల ఎన్నడూ చెయ్యలే పిల్ల. అప్పుడు తట్టింది ఆమెకు. బిడ్డను అడగాలని మొగునితోని తగువు పెట్టుకున్నది, మధులత నోరు మూయిచ్చింది, అంతా అయింది. తను మాత్రం అడగలే. పందొమ్మిదేండ్లల్ల ఒక్కసారి గూడ అడగలే.

"రాందాస్, జర ఇంజను ఆపు," అన్నది.

ఇంజను ఆగింది. సరళ జీపు తలుపు పట్టుకొని బిడ్డ మొకం ముంగటికి వంగింది.

"బిడ్డా. భద్రాచలంల హోం పెడతరట. అండ్ల ఉండొచ్చట. యాడి ఆడ ఉండదు, బా ఉండడు. నువ్వే ఉండాలె. నీకు ఉండాలని ఉన్నదా?"

అడిగినంక జవాబు రావద్దని మొక్కుకున్నది. సువర్ణకు అర్థం కాకపోతే అడిగిన మాటనే మళ్లా అంటది. 'ఉన్నదా' అని మళ్లా అంటే బాగుండు, అర్థం కాలేదని ఇంట్లకు తీస్కపోవచ్చు.

సువర్ణ రోడ్డు దిక్కే చూసింది. చానసేపు చూసింది. పెదవులు రెండు సార్లు కదిలినయి.

"అవ్," అన్నది.

ప్రేమ్‌సాగర్ దండం పెట్టబోయి, సరళ మొకం చూసి చేతులు దించుకున్నడు. మధులత సంచి తాడును మళ్లా వేళ్లకు చుట్టుకున్నది. బలరాం జీపు బానెట్ పట్టుకొని నిలవడ్డడు. ఏండ్ల సంది ఆయన కోరుకున్నది అదే మాట, ఇప్పుడది వినంగనే మొకంల నెత్తురు చుక్క లేకుంటయింది.

"సరళా," అన్నడు చిన్నగ. "దానికి తెల్వక అన్నదేమో. వద్దని చెప్పు. నువ్వు వద్దంటే దిగుతది."

సరళ ఆయన దిక్కు చూడలే. పొద్దటి సంది 'దాన్ని అడుగున్రి' అని మొత్తుకున్నది తను. ఇప్పుడు ఏ నోటితోని వద్దనాలె?

"అక్కా, పోదామా?" అన్నడు రాందాస్ తాళంచెవి మీద చెయ్యి పెట్టి.

సువర్ణ కాళ్లు లోపటికి సర్దుకొని, చున్నీ ఒళ్లె పెట్టుకొని కూసున్నది. తలుపు ఏసుకుందామని చెయ్యి చాపింది. సరళ ఆ తలుపును ఇడువలే.